డోడో ఒక్కటే కాదు: మారిషస్ దీవి మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మారిషస్ దీవిలోని జీవవైవిధ్యం గురించే ఉన్నాయి. ఒక ఉపాధ్యాయిని పంపిన ప్రశ్నకు పోయిన సంచికలో చోటు చాలక జవాబు ఇవ్వలేకపోయాం కాబట్టి, ముందుగా దానినే తీసుకుంటున్నాం.

*ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. మారిషస్ ప్రస్తావన రాగానే డోడో బొమ్మ చూపించి, ‘ఇది అంతరించిపోయింది’ అని చెప్పి, తరువాతి పేజీకి వెళ్ళిపోతున్నాం. ఒక దీవిని ఉదాహరణగా తీసుకుని జీవవైవిధ్యాన్ని పిల్లలకు పట్టుబడేలా ఎలా చెప్పాలి?*

డోడోతో మొదలుపెట్టవద్దన్నది నా సలహా. ఆ దీవికి చేరుకోలేకపోయిన జంతువులతో మొదలుపెట్టండి. మారిషస్ సుమారు 80 లక్షల ఏళ్ళ కిందట అగ్నిపర్వతాల వల్ల సముద్రంలో నుంచి పైకి లేచిన నేల. అది ఏ ఖండంతోనూ ఎన్నడూ కలిసి లేదు; దగ్గరి పెద్ద భూభాగమైన మడగాస్కర్ కూడా అక్కడికి ఇంచుమించు 900 కిలోమీటర్ల దూరంలో ఉంది. అంత దూరం రావాలంటే ఎగరాలి, లేదా నీటి మీద తేలుతూ రావాలి, అదీ కాకపోతే పక్షి కడుపులో విత్తనంగానో, ఈకలకు అంటుకునో రావాలి. అందువల్ల మనుషులు తీసుకువచ్చే దాకా ఆ దీవి మీద కప్ప లేదు, ఎలుక లేదు, కోతి లేదు, గిట్టలున్న జంతువేదీ లేదు. పాలిచ్చే జంతువుల్లో తమంతట తాము చేరి నేల మీద నివాసం ఏర్పరచుకున్నవి గబ్బిలాలు మాత్రమే.

ఇంతవరకు చెప్పాక పిల్లలను ఒక ప్రశ్న అడగండి: మేకలు, జింకలు లేని చోట ఆకు ఎవరు మేస్తారు, రాలిన పండును ఎవరు మింగి విత్తనాన్ని దూరంగా తీసుకుపోతారు? ఆ పని చేసినవి భారీ తాబేళ్ళు. పూల మీద వాలి పుప్పొడి మోసే పనిలో కొంత బల్లులకు దక్కింది. పగటిపూట తిరిగే, పచ్చగా మెరిసే ఆ బల్లులు పూలలోని తేనెను నాకుతాయి, నాకుతున్నప్పుడు తల మీద పుప్పొడి అంటుకుంటుంది, మరో పూవు దగ్గరికి వెళ్ళినప్పుడు అది అక్కడ రాలుతుంది. మారిషస్ జాతీయ పుష్పమైన ట్రొకేషియా బౌటోనియానాలోని తేనె ఎర్రగా ఉంటుంది. ఆ రంగే బల్లులను ఆకర్షిస్తుందని పరిశోధకులు గమనించారు.

నాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ దానికి దగ్గరి చుట్టమైన మరో ట్రొకేషియాది. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో, దట్టమైన మొగలి పొదలకు దగ్గరగా ఉన్న మొక్కలకు, దూరంగా ఉన్న మొక్కల కంటే ఎక్కువ కాయలు పట్టినట్టు తేలింది. మొగలికీ ఈ పూవుకీ నేరుగా ఏ సంబంధమూ లేదు. కాకపోతే బల్లులు డేగల కంట పడకుండా మొగలి ఆకుల మధ్య దాక్కుంటాయి, దాక్కున్న చోటికి దగ్గరలో ఉన్న పూలనే ధైర్యంగా సందర్శిస్తాయి. పూవును కాపాడదలచినవాడు మొగలి పొదను నరికితే ఏమవుతుందో పిల్లలనే చెప్పమనండి. ‘పరస్పరాధారం’ అనే మాటకు మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న నిర్వచనం కన్నా ఇది వాళ్ళకు ఎక్కువ కాలం గుర్తుంటుంది.

అంకెలు కావాలంటే ఒక్కటి చాలు. మారిషస్‌లో సహజంగా పెరిగే పూల మొక్కల జాతులు 691 కాగా, వాటిలో 273 ఆ దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేవు. ఇలాంటి వాటినే స్థానీయ జాతులు అంటారు. అక్కడ పోతే మళ్ళీ తెచ్చుకోవడానికి మరో చోటు ఉండదు.

*ప్రశ్న: నావికులు కొట్టి తినడం వల్లనే డోడోలు అంతరించాయని చిన్నప్పుడు చదువుకున్నాం. డోడో తిని విసర్జిస్తే తప్ప మొలకెత్తని ఒక చెట్టు ఉందనీ, డోడోతో పాటే అదీ చచ్చిపోతోందనీ కూడా చదివాను. ఇవి నిజమేనా?*

మొదటిది సగం నిజం, రెండోది అందమైన కథ.

డచ్చివారు 1598లో మారిషస్ మీద అడుగుపెట్టారు, 1638లో స్థిరనివాసం ఏర్పరచుకున్నారు. డోడోను చివరిసారి చూసినట్టు ఎక్కువమంది అంగీకరించే సంవత్సరం 1662. నావికులు పక్షులను చంపి తిన్న మాట వాస్తవమే గాని, అప్పట్లో ఆ దీవి మీద ఉన్న మనుషులు చాలా కొద్దిమంది. ఎన్నో వేల ఏళ్ళు నిలిచిన జాతిని వాళ్ళు మాత్రమే తుడిచిపెట్టారనడం కష్టం. డోడో పావురాల కుటుంబానికి చెందిన, ఎగరలేని పక్షి. ఈనాడు బతికి ఉన్న వాటిలో దానికి అతి దగ్గరి బంధువు నికోబార్ పావురం. డోడో నేల మీద ఒకే ఒక్క గుడ్డు పెట్టేదని ఆనాటి వర్ణనలు చెబుతున్నాయి. అలాంటి గూళ్ళ మధ్యకు ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు దిగాయి. పెద్ద పక్షిని చంపింది మనిషే కావచ్చు, పుట్టబోయే పక్షిని తిన్నవి మాత్రం మనిషి వెంట వచ్చినవి.

ఇక చెట్టు సంగతి. తంబలకోక్ అనే ఆ చెట్లు 13 మాత్రమే మిగిలాయనీ, అన్నీ 300 ఏళ్ళు పైబడినవేననీ, గట్టి టెంకను డోడో అరిగిస్తేనే మొలక వచ్చేదనీ 1977లో ఒక అమెరికన్ శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. డోడోకు బదులు టర్కీ కోళ్ళకు 17 గింజలు బలవంతంగా మింగించగా ఏడు నలిగిపోయాయి, మిగిలిన పదిలో మూడు మొలకెత్తాయి. అయితే మింగించకుండా అదే గింజలు ఎన్ని మొలుస్తాయో పోల్చి చూడలేదు. తరువాత చూసినవారు ఏ పక్షీ మింగకుండానే గింజలు మొలకెత్తుతాయని, 300 ఏళ్ళ కంటే చాలా చిన్న చెట్లు కూడా ఉన్నాయని తేల్చారు. ఆ చెట్టు అరుదైనదే, దాని కష్టాలు నిజమైనవే; కాని వాటికి డోడో లేకపోవడం ఒక్కటే కారణం కాదు. పోల్చి చూడని ప్రయోగం ఎంత దూరం ప్రయాణిస్తుందో చెప్పడానికి మీరు ఈ కథను నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

*ప్రశ్న: నాలుగే నాలుగు పక్షులు మిగిలిన ఒక జాతిని మారిషస్‌లో తిరిగి బతికించారని విన్నాను. నాలుగింటి నుంచి ఒక జాతి ఎలా నిలబడుతుంది? నేను బి.ఎస్‌సి. జంతుశాస్త్రం విద్యార్థిని.*

మీరు విన్నది మారిషస్ కెస్ట్రెల్ గురించి. తొండలడేగకు దగ్గరి బంధువైన ఈ చిన్న డేగ అడవిలో చెట్ల మధ్య వేగంగా మలుపులు తిరుగుతూ బల్లులను పడుతుంది. 1974 నాటికి ప్రకృతిలో తెలిసినవి నాలుగే. అడవులు నరకడం, కోతులు, ఎలుకలు గుడ్లు తినడం అంతకుముందే దాన్ని బలహీనపరిచాయి. ఆపైన మలేరియా నిర్మూలనకు దీవి అంతటా విరివిగా చల్లిన డి.డి.టి. దెబ్బతీసింది. ఆ మందు ఆహారపు గొలుసులో పైమెట్టున ఉండే పక్షుల శరీరంలో పోగుపడి గుడ్ల పెంకును పలచబరుస్తుందన్నది మీరు చదువుకునే ఉంటారు.

1979లో వేల్స్‌కు చెందిన కార్ల్ జోన్స్ అనే యువ జీవశాస్త్రవేత్త అక్కడికి వెళ్ళాడు. ఈ డేగను కాపాడేందుకు అప్పటికే నడుస్తున్నా ఫలితం కనిపించని పథకాన్ని మూసివేసి రమ్మని పంపితే, అతను మూయలేదు. డేగ జంట పెట్టిన మొదటి విడత గుడ్లను గూటిలో నుంచి తీసి యంత్రంలో పొదిగించాడు. గుడ్లు పోయిన ఆడపక్షి కొద్ది రోజుల్లో మళ్ళీ గుడ్లు పెడుతుంది కాబట్టి, ఒక్క ఋతువులోనే రెండు విడతల పిల్లలు దక్కాయి. గూళ్ళకు పెట్టెలు అమర్చారు, అడవిలోని పక్షులకు తెల్ల ఎలుకలను మేతగా అందించారు, చేతుల మీద పెంచిన పిల్లలను అడవికి అలవాటు చేసి వదిలారు. 1990ల మధ్య నాటికి ఇలా వదిలినవి మూడు వందలు దాటాయి. ఇదే పద్ధతిని, కొద్ది మార్పులతో, 1990 ప్రాంతంలో అడవిలో పది దాకా మాత్రమే మిగిలిన గులాబీ పావురానికీ, అంతే దీనస్థితిలో ఉన్న ఎకో చిలుకకూ అనుసరించారు. ఈ రెండింటినీ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2018, 2019 సంవత్సరాల్లో మునుపటి కంటే తక్కువ ప్రమాదం ఉన్న వర్గానికి మార్చింది.

ఇక్కడ ఆగితే విజయగాథ అవుతుంది. కాని డేగ విషయంలో తరువాతి అధ్యాయం ఉంది. సంఖ్య పెరిగిందన్న ధీమాతో 1990లలో పక్షులను వదలడం ఆపారు. వేట పక్షికి వేటాడేందుకు మంచి అడవి కావాలి, అది పెరగలేదు. సంఖ్య తగ్గడంతో 2014లో దాన్ని మళ్ళీ ప్రమాదంలో ఉన్న జాతుల వర్గంలో చేర్చారు. మీరు పరిశోధన వైపు వెళ్ళదలిస్తే, గుడ్డు పొదిగించే నేర్పు కన్నా ఈ పతనం ఎందుకు జరిగిందన్న ప్రశ్న మీకు ఎక్కువ పని ఇస్తుంది.

*ప్రశ్న: అంత అడవిని ఎవరు నరికారు? మా బంధువుల ముత్తాతలు చెరకు తోటల్లో పనికి మారిషస్ వెళ్ళారు. వాళ్ళకు ఇందులో భాగం ఉందా?*

అడవిని చేత్తో నరికినవారు ఒకరు, నరికించినవారు వేరొకరు. ఎబొనీ చెట్ల మీద కన్నుతో డచ్చివారు మొదలుపెట్టారు. ఇది మనం బీడీ ఆకుకు వాడే తునికి చెట్టుకు దగ్గరి చుట్టం, చేవ కారునలుపు. తరువాత ఫ్రెంచివారు వచ్చారు. వారిలో పియేర్ ప్వావ్ర్ అనే పాలకుడు అడవులు పోతే వర్షం తగ్గుతుందన్న భయంతో, ప్రతి భూఖండంలో నాలుగో వంతు అడవిగా ఉంచాలన్న నిబంధనను 1769లోనే తెచ్చాడు. వలస పాలనలో ఇంత తొందరగా వచ్చిన అటవీ చట్టాలు అరుదు. 1810లో దీవి బ్రిటిషువారి చేతికి వెళ్ళింది. 1825లో బ్రిటన్ మారిషస్ చక్కెర మీద అధిక సుంకాన్ని తొలగించాక చెరకు సాగు విపరీతంగా పెరిగి, పల్లపు అడవులు దాదాపుగా మాయమయ్యాయి. 1834 తరువాత ఒప్పంద కూలీలుగా వెళ్ళిన భారతీయుల్లో తెలుగువారూ ఉన్నారు. వాళ్ళకు ఏ పొలం చదును చేయాలో నిర్ణయించే అధికారం లేదు, కూలి లెక్కలే సరిగా చూసుకోలేని బతుకులవి. అందువల్ల వారి మీద నేరం మోపడం నాకు న్యాయంగా తోచదు.

ఈనాడు నాణ్యమైన స్వదేశీ అడవి దీవి విస్తీర్ణంలో 2 శాతానికి మించి లేదు. దానిలో పెద్ద భాగం 1994లో ఏర్పడిన బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ ఉద్యానంలో ఉంది. దానికి ఈనాటి శత్రువు గొడ్డలి కాదు, జామ. బ్రెజిల్ నుంచి వచ్చిన స్ట్రాబెర్రీ జామ అడవి కింది పొరను పొదగా అల్లేసి, స్వదేశీ మొలకలకు వెలుతురు అందనివ్వదు. కోతులు, పందులు దాని పండ్లు తిని గింజలను ఇంకా లోపలికి మోసుకుపోతాయి. కంచె వేసిన కొద్దిపాటి ఖండాల్లో కూలీలు ఏటా చేతులతో పీకుతూ ఉంటారు. పీకడం ఆపిన చోట కొన్నేళ్ళలోనే జామ తిరిగి వచ్చేస్తుంది.

*ప్రశ్న: ఒక ప్రాణిని కాపాడటానికి మరో ప్రాణిని చంపడం జీవకారుణ్యం ఎలా అవుతుంది? దీవుల్లో ఎలుకలను, మేకలను, కుందేళ్ళను పూర్తిగా చంపేస్తారట.*

చంపుతారు. ఆ మాటను తేలిక చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. మారిషస్‌కు ఉత్తరాన 22 కిలోమీటర్ల దూరంలో, రెండు చదరపు కిలోమీటర్లకు కొంచెం పైన విస్తీర్ణమున్న రౌండ్ ఐలాండ్ అనే దీవి ఉంది. 19వ శతాబ్దంలో అక్కడ వదిలిన మేకలు, కుందేళ్ళు మొలకెత్తిన ప్రతి మొలకనూ తినడంతో గట్టి చెట్ల అడవి పోయింది, పట్టు తప్పిన మట్టి వానలకు సముద్రంలోకి కొట్టుకుపోయింది. నేలలో బొరియలు చేసుకుని బతికే ఒక పాము జాతిని 1975 తరువాత ఎవరూ చూడలేదు. అది అంతరించిందనే భావిస్తున్నారు. 1979 నాటికి మేకలను, 1986లో కుందేళ్ళను పూర్తిగా తొలగించాక, ముసలి తాటి జాతి చెట్ల కింద కొత్త మొలకలు కనిపించాయి. అదృష్టవశాత్తు ఆ దీవికి ఎలుకలు ఎప్పుడూ చేరలేదు. చేరి ఉంటే ఇవాళ అక్కడ కనిపించే నలికిరులు, బల్లుల గురించి మనం భూతకాలంలో మాట్లాడుకునేవాళ్ళం.

చంపకుండా ఉండటం అంటే ఎవరూ చావరని కాదు, చచ్చేవి మన కంట పడవని మాత్రమే. అయినా మీ ప్రశ్నలోని నొప్పిని కాదనలేను. విషపు మందు పెట్టేటప్పుడు వేరే జంతువులు తినకుండా చూడటం, ఒక్కటి కూడా మిగలకుండా ఒకేసారి ముగించడం వంటి నియమాలు అందుకే ఉన్నాయి. సగంలో వదిలేసిన నిర్మూలన రెండుసార్లు చంపడంతో సమానం.

మరో ప్రాణిని తెచ్చి వదలడం ప్రతిసారీ మందు అవుతుందనీ అనుకోవద్దు. 1762లో మిడతల కోసం భారతదేశం నుంచి గోరువంకలను, 1900 ప్రాంతంలో ఎలుకల కోసం ముంగిసలను మారిషస్‌కు తీసుకువెళ్ళారు. గోరువంకలు స్వదేశీ పక్షుల చెట్టుతొర్రలను ఆక్రమించాయి. ముంగిసలు ఎలుకలతో ఆగక గులాబీ పావురాలను, డేగ పిల్లలను పట్టాయి. ఇంత అనుభవం ఉన్న దీవిలో 2000లో మళ్ళీ ఒక బయటి జంతువును ఎందుకు తెచ్చారన్నది అడగవలసిన ప్రశ్నే. ఇల్ ఓ ఎగ్రెట్ అనే 26 హెక్టార్ల చిన్న దీవిలో ఎలుకలను 1991లో తొలగించారు. కట్టెల కోసం నరికివేసిన ఎబొనీ అడవి మాత్రం తిరిగి మొలవలేదు. పెద్ద పండ్లు తల్లి చెట్టు కిందనే రాలి అక్కడే ఉండిపోయేవి, మోసుకుపోవలసిన మారిషస్ తాబేళ్ళను ఓడలవాళ్ళు 18వ శతాబ్దంలోనే తినేశారు. సీషెల్స్‌లోని అల్డాబ్రా నుంచి వచ్చిన తాబేళ్ళను వాటి స్థానంలో పెట్టగా, అవి పండ్లు తిని, నరికిన ప్రాంతాల్లో విసర్జించాయి. వాటి కడుపులో నుంచి వచ్చిన గింజలు మామూలు గింజల కంటే బాగా మొలిచాయని 2011లో ప్రచురించారు. గోరువంకకూ తాబేలుకూ తేడా ఏమిటంటే, తాబేలు పాత తాబేలు చేసిన పనే చేస్తుంది. నెమ్మదిగా కదులుతుంది, నెమ్మదిగా సంతతిని పెంచుకుంటుంది, పొరపాటు అనిపిస్తే ఎత్తుకుని తిరిగి తెచ్చేసుకోవచ్చు. ముంగిసను అలా తెచ్చుకోలేం.

*ప్రశ్న: మారిషస్ వెళ్తున్నాం. అక్కడ విషసర్పాల భయం ఉందా?*

లేదు. విషం లేని, మనుషులను పట్టించుకోని ఒక బోవా జాతి రౌండ్ ఐలాండ్‌లో ఉంది. అక్కడికి మీరు అనుమతి లేకుండా వెళ్ళలేరు. మీ చెప్పులకు అంటిన గింజలను బయలుదేరే ముందు దులిపి వెళ్ళండి, ఆ భయం దీవికి ఉంది.

*ప్రశ్న: నేను పండ్ల తోట రైతును. పండ్లు తినే గబ్బిలాలను మారిషస్ ప్రభుత్వం చంపించిందని చదివాను. మీ పత్రికలో రాసేవాళ్ళు ఎప్పుడూ జంతువుల పక్షమే మాట్లాడతారు. రైతు సంగతి ఏమిటి?*

మీ ఆక్షేపణ న్యాయమైనదే. లిచీ, మామిడి పండే వేళకు గబ్బిలాల గుంపు ఒక రాత్రిలో చేసే నష్టాన్ని పుస్తకాల వాళ్ళు తేలిగ్గా తీసుకుంటారు. మారిషస్‌లో 2015, 2016 సంవత్సరాల్లో కలిపి 38,000కు పైగా గబ్బిలాలను ప్రభుత్వమే చంపించింది. తరువాత 2018లో ఆ జాతిని ప్రమాదంలో ఉన్న వర్గంలో చేర్చారు. అది మారిషస్‌లోనూ దాని పక్కనున్న రీయూనియన్ దీవిలోనూ తప్ప మరెక్కడా లేదు. చంపినందువల్ల తోటల నష్టం తీరిందా అంటే, తీరలేదు. ఆ తరువాత కూడా రైతుల ఫిర్యాదులూ, చంపడాలూ సాగాయి. పండ్లను గోరువంకలు, పికిలిపిట్టలు, ఎలుకలు, గాలివానలు కూడా పాడు చేస్తాయి, నింద మాత్రం కంటికి పెద్దగా కనిపించేదాని మీద పడుతుంది. చెట్ల మీద వల కప్పడం పని చేసే మార్గమే గాని, ఎత్తైన పెరటి చెట్టుకు వల కప్పడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. వల ఖర్చును ప్రభుత్వం భరించడం, చెట్లను ఎత్తు పెరగకుండా కత్తిరించడం అనే రెండూ కలిస్తేనే రైతుకూ గబ్బిలానికీ రాజీ కుదురుతుంది. అడవిలో ఆ గబ్బిలాలు విత్తనాలు మోస్తున్న చెట్లు చాలా ఉన్నాయి. ఆ పనికి వేరే దిక్కు ఇప్పుడు దాదాపు లేదు.

*ప్రశ్న: బడి పిల్లలు నిజంగా చేయగలిగింది ఏమైనా ఉందా, లేక మొక్క నాటి ఫోటో దిగడమేనా?*

ఉంది. మారిషస్ దేశంలోనే భాగమైన రోడ్రిగ్స్ దీవిలో, 1980 ప్రాంతంలో ఒక ఉపాధ్యాయుడు, అంతరించిందని భావిస్తున్న ‘కాఫే మారోన్’ అనే మొక్క పాత బొమ్మను పిల్లలకు ఇచ్చి, ఇలాంటిది ఎక్కడైనా కనిపిస్తే చెప్పమన్నాడు. ఒక పిల్లవాడు తన ఇంటికి దగ్గరలోనే అది ఉందంటూ కొమ్మ తెచ్చి చూపించాడు. కాఫీ కుటుంబానికి చెందిన ఆ మొక్క ప్రపంచంలో అదొక్కటే. వార్త తెలియగానే ఔషధగుణాలున్నాయని నమ్మి జనం కొమ్మలు విరిచేయడం మొదలుపెట్టారు. ఒకదాని చుట్టూ మరొకటిగా కంచెలు వేయవలసి వచ్చింది. 1986లో కొమ్మలను లండన్‌లోని క్యూ వృక్షోద్యానానికి పంపారు. వాటిలో ఒకటి వేరు తొడిగింది, పూసింది, కాని ఏళ్ళ తరబడి కాయ పట్టలేదు. పూవులో పుప్పొడి వాలే కొన అయిన కీలాగ్రం దగ్గర పుప్పొడి మొలకెత్తకపోవడమే అడ్డంకి అని గుర్తించిన ఒక ఉద్యానవేత్త, ఎన్నో ప్రయత్నాల తరువాత, 2003లో కాయలు తెప్పించగలిగాడు. ఆ గింజల మొలకలు తిరిగి రోడ్రిగ్స్‌కు చేరాయి, ఇప్పుడు అక్కడి నర్సరీల్లోనూ అడవిలోనూ పెరుగుతున్నాయి. తల్లి మొక్క దొరికిన చోట కంచె ఇంకా ఉంది.